గీతయు రూపమును

ముగ్గు పెట్టునపుడు చేతిగీతయే తీగ యగును. కంప్యూటరునం దట్లు కాదు. ఈ భేదము తెలియక మా పొరుగింటి చెల్లెలు పడిన కష్టమును చూచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆమె గడపల కంటించు ముగ్గులను యంత్రముచే కత్తిరించి యమ్మి సంసారమునకు చేయూత నిచ్చుచున్నది. 2003లో వెలువడిన ఇంక్‌స్కేప్ అను ఉచిత సాధనమున, ఒక పెండ్లివారికై మావిడాకుల తీగ నొకదానిని గీచినది. తెరపై ముచ్చటగానే యున్నది. కాని యంత్రము తీగకు బదులు సన్నని కోత మాత్రమే పెట్టినది. ఆకులు విడివిడిగా నూడివచ్చినవి. మరునాడే పెండ్లి!

మే మిరువురము కూర్చుండి కారణ మరసితిమి. తెరపై గీతకు లావున్నను అది పైపూత వంటిది. కత్తి దాని నడిమి జాడనే యనుసరించును. కావున ముందుగా ‘పాత్’ పట్టికలోని ‘స్ట్రోక్ టు పాత్’ను ప్రయోగించిన, ఆ లావునకు రెండంచులు గల రూపము వచ్చును. పిదప ఆకులను, తీగను కలిపి యెన్నుకొని ‘యూనియన్’ చేయవలయును. అపుడు లోపలి యంచులు మాసి, వెలుపలి యంచు మాత్రమే నిలుచును. ‘కంబైన్’ అనునది చాలదు. అది మూటగట్టునే గాని యతుకదు. ఒకదానిపై నొకటి వచ్చిన చోట రంధ్రము పడుటయు కలదు.

ఈ మార్పులకు ముందే మూలచిత్రమును వేరుగా దాచుకొనుడు. తరువాత గీత లావు మార్చుట సులభము కాదు.

ఆ రాత్రి రెండవ జామున తీగ ముక్కలు గాక యొక్కటిగా వెలువడినది. చెల్లెలి కన్నీ రారినది. ఇట్టి పనికి పూనుకొను సోదరీమణులు మొదట చిన్న ముక్కపై కోసి చూచుకొనుట మేలు.