మూలాధారములను పరీక్షించుట: విశాఖపట్నపు తొలి తెలుగు సువార్తలు ఒక పాఠము

ఉపోద్ఘాతము

కంచరపాలెం వంటి ప్రాంతములో ఆలయమునకు వచ్చే యౌవనస్థులలో పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదివేవారు అనేకులు. వేదాంత విద్యకు వెళ్ళేవారు కూడా వీరిలోనుండే వస్తారు. వీరికి సమాచారము కొరతగా లేదు, దానిని తూచి చూచే అలవాటే కొరతగా ఉన్నది. "పుస్తకంలో ఉంది" అన్న మాటతో విచారణ ముగిసిపోతున్నది. అయితే లూకా తన సువార్త ఆరంభములో (1:1-4) తనకు ముందు వ్రాసినవారిని, కన్నులార చూచినవారిని వేరువేరుగా పేర్కొని, తాను మొదటినుండి తరచి పరిశీలించినట్లు చెప్పుచున్నాడు. కాబట్టి ఆధారములను పరీక్షించుట అవిశ్వాసము కాదు.

స్థానిక ఉదాహరణ

సూత్రములు వల్లింపజేయుటకంటె మన ఊరి చరిత్రనే విద్యార్థుల ముందు పెట్టుట మేలు. "తెలుగులో మొదటి సువార్తలను ఎవరు అనువదించారు?" అని అడిగితే తరచుగా వినబడే జవాబు విలియం కేరీ. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో అచ్చయినందున ఈ అభిప్రాయము కలుగుతుంది. ఇక్కడ నాలుగు ప్రశ్నలు వేయించాలి.

1. మాటకు అర్థమేమి? "మొదటి" అంటే మొదట అనువదించినదా, మొదట అచ్చయినదా? బెంజమిన్ షుల్జే 1720వ దశకములోనే మద్రాసులో తెలుగు అనువాదము ఆరంభించాడు, అయితే ఆ బైబిలు అనువాదము అచ్చుకాలేదు.

2. ఎవరి పని? ముద్రాపకుడు వేరు, అనువాదకుడు వేరు. 1812 నాటి సువార్తలు విశాఖపట్నములో సిద్ధమైనవి. లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. సేరంపూరువారి స్వంత తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడినది.

3. ఎప్పటిది? అచ్చు సంవత్సరము రచనా సంవత్సరము కాదు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించారు. తమ శ్రమ అచ్చయినది వారు చూడలేదు.

4. ఎవరు, ఎవరి కొరకు చెప్పారు? మిషనరీల ఉత్తరములు సంఘటనకు దగ్గరి సాక్ష్యము, కనుక ప్రాథమిక ఆధారములు. అయినా అవి లండనులోని డైరెక్టర్లకు వ్రాసినవి. అక్కడి పాఠకులకు ఏది ముఖ్యమో అదే వాటిలో ముందుకు వస్తుంది. డెగ్రాంజెస్‌కు అనువాదములో తోడ్పడిన బ్రాహ్మణ క్రైస్తవుడు ఆనందరాయరు. తరువాతివారు కథను కుదించి చెప్పునప్పుడు మొదట జారిపోయేది ఇట్టివారి పేరే.

బోధనా విధానము

తరగతిలో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క వాక్యము ఇచ్చి, అది ఎక్కడనుండి వచ్చిందో వెనుకకు వెదకమనాలి. అధస్సూచికలను అలంకారముగా గాక దారి చూపే గుర్తులుగా చదవడము నేర్పాలి. ఐదు పుస్తకములు ఒకే మాట చెప్పినా, ఐదూ ఒకే పాత పుస్తకమునుండి ఎత్తి వ్రాసుకొన్నవైతే అక్కడ సాక్షి ఒక్కడే. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపరచవలెనన్న ద్వితీయోపదేశకాండము 19:15 ఇక్కడ సూటిగా పనికివస్తుంది.

పండితుని డిగ్రీ అతని శాస్త్రములో గౌరవింపదగినదే గాని, ప్రతి విషయములోను ప్రమాణము కాదు. తోటి పండితులు పరిశీలించిన పత్రికా వ్యాసములో కూడా వాదమును, ఆధారమును వేరుచేసి చూడాలి. ఇంటర్నెట్ వెదకుటకు ఆరంభము మాత్రమే. నేటి కృత్రిమ మేధ లేని గ్రంథముల పేర్లను కూడా ఉన్నట్లే చెప్పగలదు. కాబట్టి పేర్కొన్న పుస్తకము నిజముగా ఉన్నదా, ఆ పేజీలో ఆ మాట ఉన్నదా అని చూడనిదే ఉదహరించరాదు.

ముగింపు

ఈ క్రమశిక్షణ కాపరులకు కూడా అవసరమే. ప్రసంగ వేదికపైనుండి చెప్పిన చరిత్రను సంఘము ప్రశ్నించక నమ్ముతుంది. అబద్ధ సాక్ష్యము పలుకరాదన్న ఆజ్ఞ గతించినవారి విషయములోను వర్తిస్తుంది. ఆనందరాయరు శ్రమను మరొకరి పేర వ్రాయకుండుట న్యాయము. ఇంత చిన్న విషయములో సాక్ష్యమును తూచ నేర్చిన విద్యార్థి, రేపు కళాశాలలో తోటివారు బైబిలు చరిత్రను గూర్చి అడిగినప్పుడు కోపపడడు, కలవరపడడు. ఆధారము చూపమని మర్యాదగా అడుగుతాడు, తన ఆధారమును కూడా చూపుతాడు.