పాత పుట్టి ధర న్యాయమైనదేనా?

బళ్లారి తాలూకా రూపనగుడికి సముద్రం ఎటు చూసినా దూరమే. అయినా ఈ ప్రాంతపు చేపల వేటకు తనదైన పడవ ఉంది. చెరువులలోనూ, హోసపేటె వద్ద తుంగభద్ర జలాశయంలోనూ కనిపించే గుండ్రని పుట్టి అది. కన్నడిగులు దానిని హరిగోలు అంటారు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ బుట్ట పడవలను గురించి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు ఉండేవనీ, పదిహేను ఇరవై మందిని మోసేవనీ, తిన్నగా సాగక గిరగిర తిరిగేవనీ వర్ణించాడు. నేడు తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. ఫైబరు పుట్టి కూడా వచ్చింది. తిరగడం మాత్రం మానలేదు.

కోస్తా నుండి వలస వచ్చినవారికి పడవ బేరం కొత్త కాదు. కానీ ఆ అనుభవమే ఇక్కడ పొరపాటుకు దారి తీయవచ్చు. సముద్రపు మరపడవ ధరలో ఇంజను, రిజిస్ట్రేషను, వలల వాటా పెద్దది. పుట్టికి ఇంజను లేదు. దాని విలువ అంతా అడుగుభాగంలోనే ఉంటుంది. విక్రేత సాధారణంగా చూపేది మాత్రం పైఅంచును, కొత్తగా పూసిన తారును.

వేసవిలో నీరు తగ్గినప్పుడు పుట్టులు గట్టున బోర్లించి ఉంటాయి. అప్పుడు ధర దిగుతుంది గాని, ఎండిన పుట్టి తన చిల్లులను బయటపెట్టదు. వానకాలంలో నీరు వచ్చాక పరీక్ష సులభం, ధర ప్రియం. ఈ రెండింటి నడుమ బేరగాడు తన వీలును చూసుకోవలసినదే.

వెదురు పుట్టిని తిరగేసి, బద్దలు ఒకదానినొకటి దాటే చోట్లను మేకు మొనతో నొక్కి చూడాలి. మొన సులువుగా దిగినా, సన్నని పొడి రాలినా వెదురు పుచ్చినట్టే. తారు పొరలు మందంగా ఉంటే అది బలం కాదు, పాత మరమ్మతుల చరిత్ర. అంత పరిమాణం గల కొత్త పుట్టి కంటే చాలా బరువుగా ఉంటే దానికి కారణం అడగాలి. ఫైబరు పుట్టిని నాణెంతో తడుతూ రావాలి. గట్టి శబ్దం నడుమ ఒకచోట బొద్దుగా మోగితే అక్కడ పొరలు విడిపోయి ఉండవచ్చు. సాలెగూడు వంటి సన్నని పగుళ్లు దెబ్బ తగిలిన గుర్తులు.

అసలు పరీక్ష నీటిలోనే. లోపలి భాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, మోకాలి లోతు నీటిలో దింపి, ఇద్దరు మనుషుల బరువుకు సరిపడా ఇసుక మూటలు పెట్టి అరగంట ఆగాలి. తడి కనిపించిన చోటును మళ్లీ తుడవాలి. అదే చోట నీటి బొట్టు మళ్లీ ఊరితే అది చిల్లు. ఈ అరగంట ఓపిక లేని విక్రేతతో బేరం సాగించకపోవడమే మేలు. లోతైన నీటిలో ఆ చిల్లు బయటపడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఇక లెక్క. ఈ అంకెలు పద్ధతిని చూపడానికే. అదే పరిమాణపు కొత్త పుట్టి 12,000 రూపాయలనీ, నాలుగు వేట కాలాలు నిలుస్తుందనీ అనుకుందాం. రెండు కాలాలు మిగిలి ఉంటే సగం, అనగా 6,000. పట్టా మార్చి తారు పూయడానికి 1,500 అయితే న్యాయమైన ధర 4,500 దగ్గర ఆగుతుంది. కొత్త ధరను, మన్నికను విక్రేత నోట కాక పుట్టి అల్లేవారి వద్దనే తెలుసుకోవాలి. వల, తెడ్డు కలిపి ఒకే మొత్తం చెప్పినప్పుడు వాటి ధరలను విడదీయించాలి. పాత వల పేరిట రెండు మూడు వేలు కలిసిపోవడం మామూలే.

పుట్టి కొన్నంత మాత్రాన వేట హక్కు రాదు. జలాశయానికైనా చెరువుకైనా అనుమతి ఎవరి పేర ఉందో మత్స్యశాఖ కార్యాలయంలోనో, చెరువును కౌలుకు తీసుకున్న సంఘంలోనో ముందే విచారించాలి. విక్రేత చేపల వ్యాపారి వద్ద అడ్వాన్సు తీసుకొని ఉంటే, బాకీ తీరలేదంటూ ఆ వ్యాపారి రేపు కొన్నవారి గడపకు రావచ్చు. రసీదులో పుట్టి కొలత, ధర, తేదీ, బాకీ లేదన్న మాట, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అది కన్నడంలో రాసి ఉంటే, చదవగలిగిన తమవారి చేత పూర్తిగా చదివించుకున్న తరువాతే డబ్బు చేతికివ్వాలి.