బడి విడిచిన వేళ

ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. పనిదినానికి ఏడు గంటల చొప్పున లెక్కకట్టినా విద్యార్థి బడిలో గడిపే కాలం 1,540 గంటలు. రోజుకు ఎనిమిది గంటల నిద్ర పోగా సంవత్సరంలో అతడు మేలుకొని ఉండే కాలం 5,840 గంటలు. అనగా మెలకువగా ఉన్న కాలంలో బడికి దక్కేది నాలుగవ వంతుకు కొంచెం ఎక్కువ. కళాశాల విద్యార్థి విషయంలోనూ ఈ లెక్క పెద్దగా మారదు. మన పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, తనిఖీలు అన్నీ ఆ నాలుగవ వంతు చుట్టూనే తిరుగుతాయి. మిగిలిన కాలం ఏమవుతున్నదని అడిగేవారు అరుదు. అందులోనూ బడి విడిచినది మొదలు రాత్రి భోజనం వరకు గల మూడు నాలుగు గంటలు కౌమారదశలో ఉన్నవారికి చాలా విలువైనవి. అప్పటికి తల్లిదండ్రులు పనుల నుండి తిరిగి రారు. శరీరంలో ఉత్సాహం మిగిలి ఉంటుంది. ఆ గంటల్లో పెద్దల పర్యవేక్షణలో ఆటలకు, చదువుకు, కళలకు, చేతిపనులకు అవకాశం కల్పించే ఏర్పాటునే బడి అనంతర కార్యక్రమం అంటున్నారు. పేరు కొత్తదే గాని ఊహ కొత్తది కాదు.

ప్రాచీన గురుకులాల్లో అనధ్యాయ దినాలని కొన్ని ఉండేవి. అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమ తిథుల్లో వేదాధ్యయనం కూడదని ధర్మశాస్త్రాలు విధించాయి. విద్య ఎంత పవిత్రమైనదైనా దానికి విరామం కావాలని పూర్వులు ఎరుగుదురు. స్కూలు అనే ఆంగ్ల పదానికి మూలమైన గ్రీకు పదానికి తీరిక అనే అర్థం ఉండటం కూడా గమనింపదగినది. మన పల్లెల్లో ఆ తీరికను చావడి, దేవాలయ ప్రాంగణం, కోలాటం, చెక్కభజన, వీథినాటకాల సాధన నింపాయి. పదిహేనేళ్ళ కుర్రవాడు తాళం తప్పితే పక్కవాడు సరిదిద్దేవాడు. పెద్దలు అరుగుల మీద కూర్చుండి చూసేవారు. అయితే ఈ చిత్రాన్ని మరీ అందంగా ఊహించుకోరాదు. ఆ ప్రాంగణాల్లోకి అందరికీ ప్రవేశం ఉండేది కాదు. ఆడపిల్లలకు, దళితవాడల పిల్లలకు ఆ సాయంకాలాలు చాలావరకు దక్కలేదు.

పశ్చిమ ప్రకాశంగా వ్యవహరించే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. నల్లమల అడవులకు ఆనుకొని ఉన్న మెట్టప్రాంతం ఇది. వర్షాధారపు సేద్యం, పనుల కోసం గుంటూరు వైపునకు, హైదరాబాదుకు సాగే వలసలు ఇక్కడి జీవితంలో భాగాలు. బడి విడిచిన తరువాత పిల్లల కాలం ఎవరిది అనే ప్రశ్నకు ఈ ప్రాంతపు చరిత్రలోనే ఒక సమాధానం ఉంది.

మార్కాపురం అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది పలక. ఆ పట్టణ పరిసరాల గనుల నుండి తీసిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగించి పలకలు తయారుచేసేవారు. దేశంలో ఎందరో పిల్లలు దశాబ్దాల పాటు ఆ పలకల మీదనే అక్షరాలు దిద్దారు. ఆ పరిశ్రమలోనే వేరే పిల్లలు పనిచేశారు. కొందరు బడి మాని వచ్చారు. కొందరు బడి విడిచిన తరువాత వచ్చారు. రాతిని చీల్చేటపుడు, కోసేటపుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి దానిని పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడి, నడిచినా ఆయాసం వచ్చే స్థితి ఏర్పడుతుంది. సిలికోసిస్ అనే ఈ వ్యాధిని పూర్తిగా నయంచేసే మందు లేదు.

బాలకార్మికులను గూర్చిన జాతీయ విధానాన్ని కేంద్రప్రభుత్వం 1987లో ప్రకటించింది. మరుసటి ఏడాది జాతీయ బాలకార్మిక పథకం మొదలైనపుడు దేశంలో తొలుత ఎంపికైన కొద్ది ప్రాంతాల్లో మార్కాపురం ఒకటి. శివకాశి బాణసంచా, ఫిరోజాబాదు గాజు, సూరతు వజ్రాలు, మన జగ్గంపేట పెంకులు మొదలైన పరిశ్రమల సరసన మార్కాపురం పలక నిలిచింది. కోరి తెచ్చుకోదగిన ప్రసిద్ధి కాదది. పని నుండి తప్పించిన పిల్లల కోసం ఈ పథకం కింద ప్రత్యేక పాఠశాలలు నడిపారు. అక్కడ చదువుతో పాటు వృత్తివిద్య, ఒక పూట భోజనం, నెలకు కొంత భృతి ఇచ్చారు. ఈ భృతి విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. పేద ఇంట్లో పిల్లవాని కాలానికి ఒక వెల ఉంటుందని, ఆ వెల చెల్లించకుండా ‘బడికి పంపండి’ అని ఉపదేశించడం వ్యర్థమని ఈ పథకాన్ని రూపొందించినవారు గ్రహించారు. 2021లో దీనిని సమగ్ర శిక్షలో విలీనం చేశారు. రాతపలకకు గిరాకీ తగ్గడంతో మార్కాపురం రాయి క్రమంగా గోడలకు, నేలలకు పరిచే అలంకరణ పలకల వైపు మళ్ళింది.

అయితే ఒక చిక్కు మిగిలే ఉంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని శాసించింది. కాని ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో బడివేళల అనంతరం, సెలవుల్లో చదువుకు భంగం కలుగకుండా సాయపడవచ్చునని మినహాయింపు ఇచ్చింది. పద్నాలుగు నుండి పద్దెనిమిది ఏళ్ళ మధ్య వారికి గనులు, పేలుడు పదార్థాలు, ఇతర ప్రమాదకర పనుల్లో మాత్రమే నిషేధం వర్తిస్తుంది. ఉచిత నిర్బంధ విద్యకు హామీ ఇచ్చే చట్టం కూడా పద్నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి బడిలోని గంటలకు చట్టం కాపలా ఉన్నదే గాని సాయంకాలానికి లేదు. తల్లికి తోడుగా పిల్లవాడు కొంత పని నేర్చుకోవడం తప్పని ఎవరూ అనరు. ఆ తోడ్పాటు ఎప్పుడు కూలిగా మారుతున్నదో బయటివారికి కనబడదు. చిక్కంతా అక్కడే ఉంది.

2011 జనగణన నాటికి మార్కాపురం జనాభా డెబ్బై వేలు దాటింది. మహానగరం కాదు గాని చుట్టుపక్కల మండలాల పిల్లలందరికీ అదే నగరం. తర్లుపాడు, పెద్దారవీడు, దోర్నాల వైపు నుండి మార్కాపురానికి, రాచర్ల, కొమరోలు వైపు నుండి గిద్దలూరుకు విద్యార్థులు చదువుల కోసం వస్తారు. వీరి సాయంకాలం బస్సు కోసం ఎదురుచూడటంలోనే కొంత కరిగిపోతుంది. పట్టణంలో ఉండేవారిలో డబ్బు గలవారి పిల్లలకు ట్యూషను ఉంది. లేనివారికి దుకాణంలో పనో, వీధి అరుగో, చేతిలో ఫోనో ఉంది. ఫోనును తిట్టడం పెద్దలకు సులభం. ఒకే గదిలో అయిదుగురు నివసించే ఇంట్లో పదహారేళ్ళ పిల్లవానికి తనదంటూ ఉన్న ఏకాంతం ఆ తెర ఒక్కటేనని గుర్తిస్తే కోపం కొంత తగ్గుతుంది.

ఇక కొన్ని వసతి కళాశాలల్లో వేకువ నుండి రాత్రి వరకు సాగే స్టడీ అవర్సును బడి అనంతర కార్యక్రమంగా చెప్పుకోవడం ఉంది. నా దృష్టిలో అది మాటను దుర్వినియోగం చేయడమే. తరగతి గదిని నాలుగు గంటలు పొడిగిస్తే తరగతి గదే మిగులుతుంది. విద్యార్థి తాను ఎన్నుకొన్న పని ఒకటైనా అందులో ఉండాలి. చదరంగమో, మృదంగమో, ఖోఖోనో, నచ్చిన నవల చదవడమో కావచ్చు.

తెలుగుదేశంలో ఇటువంటి స్థలాలను విరివిగా సృష్టించిన ఘనత గ్రంథాలయోద్యమానిది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. మార్కాపురం అప్పట్లో చేరి ఉన్న కర్నూలు జిల్లాకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ సంఘానికి చిరకాలం సారథ్యం వహించారు. వయోజన విద్యకు, రాత్రి పాఠశాలలకు ఈ ఉద్యమం అండగా నిలిచింది. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం దీని ఫలాల్లో ఒకటి; 1929లో ఆ భవనానికి మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సుంకం వసూలవుతుంది. మనం నడిచిపోయే వీధిలోని ప్రతి ఇంటివారూ ఆ గ్రంథాలయానికి పరోక్షంగా చందాదారులే. పోటీపరీక్షల పుస్తకాల కోసం తప్ప అందులో అడుగుపెట్టని యువత నానాటికీ పెరుగుతున్నది. ఇందుకు తప్పు యువతది మాత్రమే కాదు. కొత్త పుస్తకాలు లేని అలమరల మధ్య ఎవరు ఎంతకాలం కూర్చుంటారు?

పిల్లల కళలకు, విజ్ఞానానికి ప్రత్యేకించిన బాలభవన్ 1956లో నెహ్రూ ప్రోత్సాహంతో ఢిల్లీలో ఆరంభమైంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవన్ అందుకు మనకు దగ్గరి ఉదాహరణ. చిత్రలేఖనం, సంగీతం, నృత్యం వంటివి అక్కడ స్వల్ప రుసుముతో నేర్చుకోవచ్చు. మార్కాపురంలోని పిల్లవానికి అవి కథల్లో విన్న కోటలే.

పాశ్చాత్య దేశాల అనుభవం ఇక్కడ కొంత ఉపకరిస్తుంది. 1860లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో కొందరు మహిళలు వీధుల్లో తిరుగుతున్న బాలుర కోసం ఒక క్లబ్బు నెలకొల్పారు. అటువంటి క్లబ్బులు తరువాత దేశమంతటా విస్తరించాయి. అక్కడి ప్రభుత్వం బడి అనంతర కేంద్రాలకు పెద్దమొత్తంలో నిధులిచ్చి, వాటి ఫలితాలను నిష్పక్షపాతంగా పరిశీలింపజేసింది. 2003, 2005 సంవత్సరాల్లో వెలువడిన నివేదికలు ఆశాజనకంగా లేవు. మార్కుల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. అనేక పరిశోధనలను క్రోడీకరించి 2010లో ప్రచురితమైన మరొక అధ్యయనం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. నైపుణ్యాన్ని మెట్టు తరువాత మెట్టుగా నేర్పుతూ, పిల్లలచేత స్వయంగా చేయించే కార్యక్రమాలు చదువులోనూ ప్రవర్తనలోనూ మేలు చేశాయి. పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి ఊరుకున్నవి చేయలేదు. ఐస్‌లాండు అనుభవం ఇంకా విశేషమైనది. అక్కడ 15, 16 ఏళ్ళ విద్యార్థుల్లో గత నెలలో మద్యం మత్తుకు లోనైనామని చెప్పినవారు 1998లో నూటికి 42 మంది. 2016 నాటికి వారు 5 మందికి తగ్గారు. ఆటల సంఘాలకు, సంగీతానికి ప్రభుత్వం ధనసహాయం చేయడం, పిల్లలు రాత్రివేళ బయట తిరగరాదనే నియమం, తల్లిదండ్రుల పరస్పర ఒప్పందాలు ఇందుకు తోడ్పడ్డాయి. నాలుగు లక్షలకు మించని జనాభా గల సంపన్న దేశంలో సాగినదంతా మన దగ్గర సాగుతుందని చెప్పలేము. ఇంకొక మాట. నేరాలు తగ్గుతాయనే కారణంతోనే ఇటువంటి కార్యక్రమాలను సమర్థించేవారున్నారు. యువకులను కాబోయే నేరస్థులుగా చూసే ఆ దృష్టి నాకు రుచించదు.

మన ప్రాంతంలో ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. సాయంత్రమయ్యేసరికి ఖాళీ అయ్యే పాఠశాలల గదులు, మైదానాలు, శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. నేర్చుకోవలసిన విషయాలకూ కొరత లేదు. గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్టిన కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. ఆ కట్టను కొలిచి పటం గీయడం, ఆయకట్టు రైతుల మాటలను నమోదుచేయడం గణితానికీ తెలుగుకూ చరిత్రకూ ఒకేసారి అభ్యాసం. మార్కాపురం రాతిపనిని కూడా దుమ్ము అణచే పద్ధతులతో కళగా నేర్పవచ్చు. కూలికి పట్టిన ఉలికీ, నేర్చుకోవడానికి పట్టిన ఉలికీ భేదం ఒక్కటే. రెండవదానిని ఇక చాలని కింద పెట్టే స్వేచ్ఛ పిల్లవానికి ఉంటుంది.

ఖర్చు వేరేచోట ఉంది. జీతం తీసుకొని క్రమం తప్పక వచ్చే పెద్దమనిషి ఒకరు కావాలి. ఉత్సాహవంతుల స్వచ్ఛంద సేవ మీద ఆధారపడినవి ఆ ఉత్సాహంతోనే చల్లారుతాయి. సాయంత్రానికి పిడికెడు శనగలో, పండో పెట్టాలి. 2025 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అయితే పల్లె నుండి వచ్చిన విద్యార్థికి నాలుగింటికి మళ్ళీ ఆకలి వేస్తుంది.

అన్నిటికంటె కష్టమైనది ఆడపిల్లలను చేర్చుకోవడం. వేసవిలో తాగునీటి ట్యాంకరు వచ్చే వేళకు బిందెలతో వరుసలో నిలబడేది ఎక్కువగా వారే. ఇంటికి చేరడం ఆలస్యమైతే చదువే మాన్పిస్తారనే భయం వారికుంటుంది. కాబట్టి కార్యక్రమం ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగియాలో నిర్ణయించే ముందు దోర్నాల, పెద్దారవీడు, రాచర్ల, కొమరోలు వైపు వెళ్ళే బస్సుల వేళలు, వాడల్లోకి నీళ్ళు వచ్చే వేళలు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం రాయడానికి అధికారులు అక్కరలేదు. ఆ బస్సులెక్కే విద్యార్థినులను అడిగితే సరిపోతుంది.