జరిగిపోయిన ఎముక

కాలి బొటనవేలు పక్కవేలి మీదికి వాలిపోయి, దాని మొదట్లో పాదం లోపలి అంచున బొడిపె పొడుచుకురావడాన్ని వైద్యులు హాలక్స్ వాల్గస్ అంటారు. ఆ బొడిపె పేరు బనియన్. బూటు తోలుకో చెప్పు పట్టీకో ఒరుసుకుని అది ఎర్రబడుతుంది, సాయంత్రానికి సలుపుతుంది. అరుదైన బాధేమీ కాదు. 2010లో అప్పటిదాకా వచ్చిన సర్వేలను కలిపి లెక్కగడితే, 18–65 ఏళ్లవారిలో 23 శాతం మందికి, 65 దాటినవారిలో సుమారు 36 శాతం మందికి ఉన్నట్టు తేలింది. మగవారికంటే ఆడవారికి ఎక్కువ.

చూసినవారెవరైనా ముందు అనే మాట ‘ఎముక పెరిగింది’ అని. సర్జన్లు కూడా చాలాకాలం అదే అనుకున్నారు. 1870ల మొదట్లో జర్మన్ సర్జన్ కార్ల్ హ్యూటర్ దీన్ని కీలు పక్కకు తొలగడంగా వర్ణించాడు. బొడిపెలో చేతికి తగిలేది చాలావరకు పాత ఎముకే. కొత్తగా పుట్టింది స్వల్పం. దానిమీద ఒరిపిడికి వాచిన నీటితిత్తి ఒకటి ఉంటుంది, నొప్పిలో దాని వాటా పెద్దదే. అయితే ఎముక ఎందుకు జరుగుతుంది, జరిగినది వెనక్కి ఎందుకు రాదు?

బొటనవేలి వెనక, పాదం లోపల, మొదటి మెటటార్సల్ అనే పొడవాటి ఎముక ఉంటుంది. దాని ముందు కొన గుండ్రని తల. విచిత్రమేమిటంటే ఈ తలకు ఒక్క కండరమూ అతుక్కుని ఉండదు. కండరాలన్నీ దానికి పైనుంచీ కిందనుంచీ పక్కలనుంచీ దాటిపోయి బొటనవేలిని పట్టుకుంటాయి. అంటే నడకలో ఒంటి బరువును మోసే ఎముక తల తన చోట నిలబడటానికి సొంత పగ్గం లేదు. అటూ ఇటూ వెళ్లే కండరాల సమతూకం, కీలుచుట్టూ ఉన్న లిగమెంట్లు, ఇవే దిక్కు. తల అడుగున టెండన్‌లో పొదిగిన రెండు చిన్న ఎముకలున్నాయి, నువ్వుగింజ ఎముకలని పేరు. తల అడుగున రెండు గాడులు, మధ్యలో ఒక గట్టు. ఒక్కో గాడిలో ఒక్కో గింజ జారుతూ ఉంటుంది.

లోపలివైపు లిగమెంటు సాగగానే తల పాదం లోపలి అంచుకు జారడం మొదలవుతుంది. ఎక్స్‌రేలో చూస్తే గింజలు బయటివైపు పారిపోయినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి కదిలింది లేదు. పక్కనున్న రెండో మెటటార్సల్ వైపు లిగమెంట్లూ కండరమూ వాటిని కట్టేసి ఉంచుతాయి. వాటిమీదనుంచి దిగిపోయింది తలే. దిగేటప్పుడు మధ్యలోని గట్టు అరిగిపోతుంది, ఇక దాన్ని ఆపేదేమీ ఉండదు.

ఇక్కణ్ణుంచి శరీరం తన బలంతో తననే వంచుకుంటుంది. బొటనవేలిని పైకెత్తే టెండన్, కిందికి వంచే టెండన్ ఇప్పుడు కీలు నడిమీదుగా పోవు. వంగిన వింటికి నారిలా బయటివైపు అడ్డంగా సాగుతాయి. కండరం బిగిసిన ప్రతిసారీ వేలు ఇంకాస్త పక్కవేలి మీదికి వాలుతుంది, తల ఇంకాస్త లోపలి అంచుకు నెట్టుకుపోతుంది. వేలిని సరిగ్గా నిలబెట్టాల్సిన లోపలివైపు కండరం అరికాలి కిందికి జారి, నిలబెట్టే పని మాని వేలిని మెలిపెట్టే పనిలో పడుతుంది. అందుకే ముదిరిన పాదంలో గోరు ఆకాశంవైపు చూడదు, రెండో పాదంవైపు తిరుగుతుంది. మామూలు పాదంలో వేలికీ మెటటార్సల్‌కూ మధ్య కోణం 15 డిగ్రీల లోపు. 40 దాటితే తీవ్రమైనదిగా లెక్క. అప్పటికి తరచుగా రెండో వేలు బొటనవేలిమీదికెక్కి కొక్కెంలా వంగుతుంది. మెట్టెలు పెట్టేది ఆ వేలికే కాబట్టి అవీ ఒత్తుకుంటాయి.

మొదటి జారుడు ఎక్కణ్ణుంచి వస్తుంది? కొంత వంశంనుంచి. మిగతా నేరం చెప్పులదీ బూట్లదీ, ముఖ్యంగా మొన తేలినవాటిదీ. 1958లో లామ్, హాడ్జ్‌సన్ అనే ఇద్దరు హాంకాంగ్‌లో చైనీయుల పాదాలు పోల్చారు. బూట్లు తొడిగేవారిలో 33 శాతం మందికి ఈ వంపు ఉంది. పడవల మీదే బతుకుతూ బూట్లెరగనివారిలో 1.9 శాతానికే. 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఆ ప్రాంతపు మధ్యయుగపు సమాధుల్లోని 177 అస్థిపంజరాలు చూస్తే, 11–13 శతాబ్దాలవాటిలో 6 శాతానికి, మొనదేలిన బూట్లు మోజైన 14–15 శతాబ్దాలవాటిలో 27 శాతానికి ఉంది.

హాంకాంగ్ పోలికలోని రెండు రకాల పాదాలూ చెన్నై ఉత్తరపు అంచున ఎన్నూరులో ఒకేచోట దొరుకుతాయి. కుశస్థలి నది సముద్రంలో కలిసేచోట బురదనీళ్లలో దిగి చేత్తో రొయ్యలు పట్టేవారి వేళ్లకు విచ్చుకోవడానికి బోలెడంత చోటు. ఆ ఒడ్డుకు దగ్గర్లోనే అశోక్ లేలాండ్ కర్మాగారం, థర్మల్ కేంద్రాలు, కామరాజర్ రేవు. అక్కడ సేఫ్టీ షూ లేనిదే లోపలికి రానివ్వరు. షూ ముందుభాగంలోని ఉక్కు టోపీ 200 జౌల్‌ల దెబ్బ కాయాలి కాబట్టి అణువంతయినా సాగదు. మామూలు తోలు బూటయితే చర్మకారుడు బొడిపె వచ్చేచోట చెక్క అచ్చు పెట్టి సాగదీయగలడు. ఉక్కు టోపీ వెనకంచు సరిగ్గా ఆ బొడిపె దగ్గరే ఆగితే చేసేదేమీ లేదు, వెడల్పయినది వేరే కొనాల్సిందే.

వెడల్పు సంగతి అదే చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు బాగా తెలుసు. దేశంలో 79 చోట్ల, 4 నుంచి 55 ఏళ్ల వయసున్న 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచి, ఆ సంస్థ ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదించింది. 2024లో ఇది వార్తల్లోకెక్కింది. మన పాదాలు యూరప్, అమెరికావారి పాదాలకంటే వెడల్పని తేలింది. బ్రిటిష్‌వారు వదిలివెళ్లిన సైజుల్లో వెడల్పు చాలక జనం పొడవైనవి కొని, తాళ్లు బిగించుకుని నడుస్తున్నారట. ఒక దేశం తన పాదాన్ని తాను కొలుచుకోవడానికి ఇన్నేళ్లు పట్టడం సిగ్గుచేటే.

ఇక చికిత్స. వేళ్ల మధ్య పెట్టే సిలికాన్ ముక్కలు, రాత్రిపూట కట్టుకునే పట్టీలు ఒరిపిడినీ నొప్పినీ కాస్త తగ్గిస్తాయి, తలను తిరిగి గింజలమీదికి ఎక్కించవు. 2001లో అచ్చయిన ఫిన్లాండ్ ప్రయోగంలో 209 మందిని ఆపరేషన్, బూటులో పెట్టుకునే ప్రత్యేక అట్ట, ఊరికే వేచిచూడటం అని మూడు జట్లుగా విడదీశారు. ఆరు నెలలకు అట్ట కొంత ఉపశమనమిచ్చింది. ఏడాదికి ఆ లాభం కరిగిపోయింది, ఆపరేషన్ జట్టే మెరుగ్గా ఉంది.

ఆపరేషన్ల చరిత్రంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: తల జరిగిందని నమ్మారా, పెరిగిందని నమ్మారా? బొడిపెను చెక్కేసి ఊరుకున్నచోట వంపు మళ్లీ వచ్చింది, ఎందుకంటే నారిలా లాగే టెండన్లు అలాగే ఉన్నాయి. 1904లో కెల్లర్ అనే సర్జన్ వేలి మొదలునే కోసేశాడు. నొప్పి పోయింది, వేలు పొట్టిదై పట్టు తప్పింది, బరువు పక్కవేళ్లమీద పడింది. 1934లో పాల్ లాపిడస్ మెటటార్సల్ వెనక కొన దగ్గరి కీలును అతికించి ఎముకనే వెనక్కి తిప్పాడు. తర్వాతి షెవ్రాన్, స్కార్ఫ్ పద్ధతుల్లో ఎముకను కోసి, తలను జరిపి, స్క్రూలతో బిగిస్తారు. బల్లపరుపు ఎక్స్‌రేలో కనపడని ఎముక మెలికను కూడా ఇటీవలి సర్జన్లు సరిదిద్దుతున్నారు. ఎముకను పక్కకు జరిపి మెలి విప్పకపోతే వంపు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

నొప్పి లేనివారికి అందంకోసం ఈ ఆపరేషన్ సాధారణంగా చేయరు. చేయించుకున్నాక సుమారు ఆరు వారాలు గట్టి అడుగున్న ప్రత్యేకమైన షూతో నడవాలి, వాపు నెలల తరబడి ఉంటుంది. మధుమేహంతో పాదం స్పర్శ తగ్గినవారి లెక్క వేరు: బొడిపె ఒరుసుకున్నా తెలియదు, ఆనెకాయ కింద పుండు పడుతుంది. వేలూరు ప్రాంతపు కుష్ఠు వైద్యంలో రూపుదిద్దుకున్న మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు ఇలాంటి పాదాలకు పనికొస్తాయి. అందరికీ పనికొచ్చే పరీక్ష ఒకటుంది. సాయంత్రం, పాదం కాస్త వాచి ఉన్నప్పుడు, కాగితంమీద నిలబడి చుట్టూ గీత గీసుకోవాలి. కొనబోయే బూటును ఆ గీతమీద పెట్టినప్పుడు గీత బయటికి కనిపిస్తే, అంగడివాడు ‘వేసుకోగా వేసుకోగా సాగుతుంది’ అన్నా ఆ బూటు వద్దు.