పొరుగు అండతో బతికే క్యాన్సర్ కణం

బీపీ చూపించుకుందామని కరీంనగర్ వచ్చిన అరవై దాటిన మనిషికి సీబీపీ అనే రక్తకణాల పరీక్షలో తెల్లకణాలు లక్ష దాటి ఉండొచ్చు. జ్వరం ఉండదు, నొప్పీ ఉండదు. స్లైడు నిండా చిన్న గుండ్రటి లింఫోసైట్లు కిక్కిరిసి, మధ్యమధ్య కొన్ని చితికి మరకల్లా పరుచుకుని కనిపిస్తాయి. ఆ మరకలు చూడగానే డాక్టరు మనసు క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ మీదికి పోతుంది. పొట్టిగా సీఎల్‌ఎల్. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర అరుదు. చాలామందికి మొదట్లో మందు కూడా అక్కర్లేదు.

ఈ జబ్బులో అసలు తంటా కణాలు పెరగడం కన్నా చావకపోవడం. ఈ లింఫోసైట్లు బి కణాలనే రకం; కాలం తీరిన బి కణం తనంతట తానే చావాలి. బీసీఎల్-2 అనే ప్రోటీన్ దాన్ని చావనివ్వదు. సగానికి పైగా రోగుల్లో 13వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. బీసీఎల్-2కు కళ్లెం వేసే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దాంతోపాటే పోతాయని కార్లో క్రోచే అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది మరొకటి. ఒంట్లో ఇంత మొండిగా బతికే కణం, గాజుపాత్రలో ఒంటరిగా పెడితే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. పక్కన 'నర్సు కణాలు' ఉంటే నిలదొక్కుకుంటుంది. అంటే దాని ఆయువులో కొంత పొరుగువాళ్లు ఇచ్చిందే. లింఫ్ గ్రంథుల్లో, ఎముక మజ్జలో ఆ కణాలు పంపే సంకేతాలు కొన్ని, కణం పైపొర మీది గ్రాహకం అందుకునేవి కొన్ని. ఈ రెండో దారిలో బీటీకే అనే ఎంజైమ్ కీలకం. 2014లో అమెరికాలో సీఎల్‌ఎల్‌కు అనుమతి పొందిన ఇబ్రూటినిబ్ మాత్ర సరిగ్గా దాన్నే పట్టి ఆపుతుంది.

ఆ మాత్ర మొదలుపెట్టాక మెడలో బిళ్లలు కరుగుతాయి, రక్తంలో తెల్లకణాలు మాత్రం ఇంకా పెరుగుతాయి! ఆసరా తెగిన కణాలు గ్రంథులు వదిలి రక్తంలోకి రావడమే కారణం. రిపోర్టు చూసి భయపడి మందు మానేయకూడదు.

2016లో వచ్చిన వెనెటోక్లాక్స్ అనే మరో మందు నేరుగా బీసీఎల్-2 మీదే దెబ్బ కొడుతుంది. కణాలు ఒక్కసారిగా చస్తే వాటిలోని పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలోకి వచ్చిపడి కిడ్నీలకు, గుండెకు ముప్పు. అందుకే 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అయిదు వారాల్లో 400కు పెంచుతారు. తొలి మోతాదులప్పుడు మందు వేసుకున్న కొన్ని గంటలకు ఒకసారి, మర్నాడు మరోసారి రక్తం పరీక్షించాలి. ఆదిలాబాద్‌లో ఉండే రోగికి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు; ప్రతిసారీ వెళ్లి రావడం కష్టం. ఆ పరీక్షలు ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రి‌లోనే చేసి, ఫలితం ఆ పూటే హైదరాబాద్ డాక్టరుకు చేరవేసే ఏర్పాటు ఉండి తీరాలి.