పులికాట్ దారిలో అమ్మతో

మా ఎమ్మిగనూరువాళ్లకు పెద్ద నీళ్లంటే తుంగభద్ర దిగువ కాలువే. డెబ్బై ఏళ్ల అమ్మకు సముద్రం చూపిద్దామని సంక్రాంతి సెలవుల్లో కారులో బయల్దేరాం.

నాయుడుపేట దాటాక నేలపట్టు చెరువు దగ్గర ఆగాం. నీటి కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లే! "వీటిని ఈడోళ్లు కొట్టరా నాయనా?" అంది అమ్మ. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే ఊరివాళ్లే కాపాడుకుంటారు. అమ్మ చిన్నప్పుడు చేలల్లో చూసిన మా బట్టమేక పిట్టకు ఆ అదృష్టం లేకపోయింది. దానికోసం 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. రెండుసార్లు వెళ్లాను, ఒక్కటీ కనిపించలేదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. అటకానితిప్ప దగ్గర ఫ్లెమింగోలు గుంపులుగా మేస్తున్నాయి. సముద్రం ఆవలే ఉంది గానీ, మధ్యలో రాకెట్ కేంద్రం; మనల్ని పోనివ్వరు. తూపిలిపాళెం వెళ్దామన్నాను.

"ఉండప్పా, వీటిని చూడనీ" అంది అమ్మ.