కూరగాయలకు సోడా స్నానం
ఇంటి చిట్కాలతో పైపై మందు పోతుంది. లోపలికి ఇంకినదాని సంగతేమిటి?

ఉప్పు, పసుపు, చింతపండు, వంటసోడా. పులుసుకు సరంజామా అనుకుంటే పొరపాటే. బజారు నుంచి తెచ్చిన బెండకాయలు, ద్రాక్షపళ్లు ఫ్రిజ్‌లోకి వెళ్లే ముందు చాలా ఇళ్లలో చేసే స్నానానికి సరుకులివి. సీసా నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టినప్పుడు అంటుకున్న భయం, 2020లో కరోనాతో రెట్టింపైంది. మారికో, ఐటీసీ వంటి కంపెనీలు కూరగాయలు కడిగే ద్రావణాలను మార్కెట్లోకి దించింది ఆ ఏడాదే.

ఇంతకీ ఇంటి చిట్కాలు పనిచేస్తాయా? కొంతవరకు. అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2017లో యాపిల్ పండ్లకు రెండు రకాల మందులు పూసి, ఒక రోజు ఆగి కడిగి చూశారు. లీటరు నీటికి 10 గ్రాముల వంటసోడా, అంటే రెండు చిన్న చెంచాలు. పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో పైనున్న మందంతా వదిలింది. అయితే అప్పటికే ఒక మందులో 20 శాతం, రెండోదానిలో 4.4 శాతం పండు లోపలికి ఇంకిపోయాయి. వాటిని సోడా ఏమీ చేయలేకపోయింది.

సోడా, వెనిగర్ కలిపేవారూ ఉన్నారు. బుసబుసా నురగొస్తుంది, మందు పోతోందన్న తృప్తి మిగులుతుంది. నిజానికి ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ద్రాక్షపై తెల్లటి పొడంతా విషమనుకోవడమూ సరికాదు, అందులో పండుకు సహజంగా ఉండే మైనపు పూత కూడా ఉంటుంది. సబ్బు జోలికి మాత్రం పోవద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే చెప్పింది. ధారగా పడే నీటి కింద చేత్తో రుద్ది కడిగినా చాలావరకు మేలే. ఆకుకూరలైతే తరగకముందే కడగాలి.

అసలు చిక్కు వంటింటికి అవతల ఉంది. మొక్క రసంలోనే కలిసిపోయే మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్రం 2005లోనే ఆదేశించింది. కానీ పత్తికీ ఇతర పంటలకూ అదే డబ్బా దుకాణంలో దొరుకుతూనే వచ్చింది. ప్రధానంగా అమ్ముడయ్యే 36 శాతం ద్రావణంపై వేటు పడింది 2023లో. మధ్య పద్దెనిమిదేళ్లూ ఆ మందు ఏ చేలో పడిందో చూసే పూచీ ఎవరిదో తేలలేదు. గృహిణి గిన్నెలో సోడా కలపాల్సి వచ్చింది అందుకే.

రైతును ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటుంది. బెండకాయ ఆగదు. రెండు మూడు రోజులకోసారి కోయకపోతే ముదిరిపోతుంది, ముదిరితే కొనేవాడుండడు.

రైతుబజార్‌లో ధరల బోర్డు మీద ప్రతి కూరకూ కిలో రేటు ఉంటుంది. ఏ మందు కొట్టారో, ఎన్నాళ్ల క్రితం కొట్టారో రాసే గడి మాత్రం ఉండదు.